వంతెన మీద ఆగిపోయే బండి

సోమవారం పొద్దున్న పదిన్నరకి కొండలరావు తన నల్ల బండిని తోసుకుంటూ ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లోని బ్రహ్మానందం మెకానిక్ షెడ్డుకి వచ్చాడు. గోల్‌బజార్‌లో ఆంధ్రా సరుకుల కొట్టు నడిపే పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా లేనిదే గడప దాటనివాడు, చెమటతో తడిసి ముద్దయి అంత దూరం బండి తోసుకొచ్చాడంటే లోపల ఎంత ఉడికిపోతున్నాడో వేరే చెప్పక్కర్లేదు. వస్తూనే స్టాండు వేసి, బండికీ తనకీ ఇక సంబంధం లేదన్నట్టు రెండడుగులు పక్కకి జరిగాడు.

షెడ్డులో ఆ సమయానికి దోర్కా ఒక స్కూటరు చక్రం విప్పుతోంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల నుంచి రోజూ సైకిల్ మీద వస్తుంది. ఐటీఐ చదివి, ఏడాదిన్నరగా బ్రహ్మానందం దగ్గర పని చేస్తోంది. ఆ నల్ల బండిని చూడగానే గుర్తుపట్టింది. నాలుగు రోజుల కిందట దానికి సర్వీసింగ్ చేసింది తనే. పదహారో తారీకున వచ్చి, పదిహేడున యంత్రాలకి చేసే విశ్వకర్మ పూజకి షెడ్డులోనే ఉండి, పద్దెనిమిదిన బయటికెళ్ళిన బండి అది.

జరిగింది కొండలరావు నిలబడే చెప్పాడు. పురీగేటు వంతెన ఎక్కుతుండగా బండికి ఉన్నట్టుండి పికప్పు పోయింది. ఎంత రేజు చేసినా దమ్ము లేదు. ఆయాసం వచ్చిన ముసలాడిలా రెండుసార్లు గుంజుకుని, సరిగ్గా వంతెన నడినెత్తిన ఆగిపోయింది. వెనక ఇసుక లారీ. డ్రైవరు బ్రేకు మీద నుంచున్నాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి ఇంటికి కబురు వెళ్ళేదట. పది నిమిషాలు గోడవార నుంచుంటే తనంతట తనే స్టార్టయి, కిందికి దిగాక మళ్ళీ ఆగిందట.

“నా పేణాలు తీద్దామనుకున్నావేటి బ్రెమ్మానందం? ఇంజను మీద ఎవులి సెయ్యి పడ్డాది?” అన్నాడు.

బ్రహ్మానందం తల తిప్పాడు. దోర్కా వైపు చూశాడు. అంతే చాలింది.

“ఆడగుంట సేత ఇంజను ఇప్పించినావా? మరింకేటి, ఆగక ఏటవుతాది?”

ఏడాదిన్నరలో ఆ గుంట చేతుల మీదుగా ఎన్ని బళ్ళు వెళ్ళాయో, అందులో ఎన్ని తిరిగొచ్చాయో బ్రహ్మానందానికి బాగా తెలుసు. ఒక్క మాట అనొచ్చు. దోర్కా ఆ ఒక్క మాట కోసం చక్రం వదిలేసి ఎదురుచూసింది. ఆయన వచ్చి ఆమె చేతిలోని స్పానర్ తీసుకుని, “నువ్వెల్లి బళ్ళు కడుగమ్మా. ఇంక ఇంజన్ల జోలికి రాకు,” అన్నాడు. అన్నది మెత్తగానే. అందుకే మరీ కాలింది. అరిచి ఉంటే ఎదురు అరిచేది.

నీళ్ళ పైపు పట్టుకుని బళ్ళు కడుగుతూనే దోర్కా సర్వీసింగ్ నాడు చేసిన పనినంతా మనసులో మొదటి నుంచీ విప్పుకుంటూ వచ్చింది. ఆయిలు మార్చింది. ప్లగ్గు గీకి, సందు కొలిచి బిగించింది. కార్బరేటర్ దించి జెట్లు ఊది, గిన్నె అడుగున మట్టి తుడిచింది. ఎయిర్ ఫిల్టర్ దులిపింది. పెట్రోల్ పైపు ఎక్కడా మడత పడకుండా చూసి క్లిప్పు పెట్టింది. ఏదీ మర్చిపోలేదు. అయినా ఒకవేళ మర్చిపోయి ఉంటే అని ఇంకోసారి మొదటి నుంచీ లెక్కపెట్టుకుంది. అవతల కొండలరావు బండి పని బ్రహ్మానందమే మొదలుపెట్టాడు. ఏ బండి పట్టినా ఆయనకో అలవాటుంది. ముందుగా ట్యాంకు మూత తీసి, బండిని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపి, లోపల పెట్రోలు చప్పుడు వింటాడు. అప్పుడూ అలాగే విన్నాడు. తర్వాత మూత వేసి, కార్బరేటర్ విప్పి, జెట్లని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. అద్దంలా ఉన్నాయి. మళ్ళీ కడిగి బిగించాడు. ఒక్క కిక్కుకే అందుకుంది. వీధి చివరి దాకా తోలి తిరిగొచ్చాడు. బండి గుర్రంలా పరిగెత్తింది. కొండలరావు దాన్ని అనుమానంగా చూస్తూనే ఎక్కి వెళ్ళాడు.

గంట తిరక్కుండా ఫోను మోగింది. ఇంకో పదడుగులేస్తే కొట్టు వస్తుందనగా ఆగిపోయిందట.

*

మంగళవారం బ్రహ్మానందం ప్లగ్గు కొత్తది వేశాడు. కాయిల్ మార్చాడు. హ్యాండిల్ కింద వైర్లన్నీ ఒక్కొక్కటే లాగి చూశాడు. అరవై ఏళ్ళ మనిషి, నేల మీద చతికిలబడి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ఆ బండిని బతిమాలుతున్నట్టు పని చేశాడు. వీధి చివరి దాకా తోలితే మళ్ళీ గుర్రమే. మళ్ళీ ఫోను. ఈసారి తాల్‌బగీచా మలుపులో ఆగింది. మధ్యాహ్నానికి కొండలరావు మళ్ళీ షెడ్డులోనే ఉన్నాడు, బల్ల మీద టీ గ్లాసుతో.

దోర్కా బకెట్టు పట్టుకుని ఆ బల్ల దగ్గరికి వచ్చి, పక్కనున్న స్కూటర్ని కడగడం మొదలుపెట్టింది. నిజానికి ఆ స్కూటర్ని పొద్దున్నే ఒకసారి కడిగింది. కొంచెం సేపు ఊరుకుని, బండి ఇంటి దగ్గర ఎక్కితే ఎన్ని నిమిషాలకి ఆగుతోందని అడిగింది. ఆయన జవాబు చెప్పే ఉద్దేశం లేనట్టు టీ తాగాడు. కానీ తన కష్టం చెప్పుకోవడమంటే ఎవరికి చేదు. నిన్న పావుగంటకి ఆగిందనీ, ఇవాళ మరీ అన్యాయంగా ఐదు నిమిషాలకే ఆగిందనీ చెప్పాడు. ఇవాళ ఏమైనా తేడాగా చేశారా అంటే, ఏమీ లేదు, దారిలో ట్యాంకు నిండా కొట్టించాను, అంతే అన్నాడు.

“ఆగినాక మళ్ళీ ఎలగ స్టార్టయ్యింది అంకుల్?”

“ఒకోసారి పది నిమిషాలు కూకుంటే అవుతాది. ఒకోసారి పెట్రోలుందా నేదా అని మూత తీసి సూసి కిక్కు కొడితే అప్పుడే అయిపోతాది. దాని బుద్ధి దానిది.”

దోర్కా చేతిలోని గుడ్డ ఆగిపోయింది. ట్యాంకు నిండితే త్వరగా ఆగుతోంది. మూత తీస్తే వెంటనే లేస్తోంది. బ్రహ్మానందం బాబాయ్ ప్రతిసారీ ముందు మూత తీసి ఊపుతాడు, ఆ తర్వాతే పని మొదలుపెడతాడు. అంటే మందు వేసేసి, ఆ తర్వాత రోగం కోసం వెతుకుతున్నాడన్నమాట. వీధి చివరి దాకా తోలితే ఇంకెందుకు ఆగుతుంది? ఆమెకి ఒళ్ళంతా జల్లుమంది. లేచి నిలబడి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చుంది. కుళాయి కట్టేయడం మర్చిపోతే నీళ్ళు రోడ్డు దాకా పారాయి, దానికి పక్క పాన్ దుకాణం బెంగాలీ దాదా చేత చీవాట్లు కూడా తింది. ఏమీ వినపడలేదు.

అదే మాట బ్రహ్మానందానికి చెప్పబోయింది. ఆయన వైర్ల మధ్య నుంచి తల ఎత్తకుండానే, నీకు అప్పజెప్పిన పని చూసుకో తల్లీ అన్నాడు. ఆమె మళ్ళీ బకెట్టు దగ్గరికి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంట్లో అమ్మ కొత్త నూనె డబ్బా తెరవమంటే దోర్కా మేకుతో దానికి ఒకే ఒక్క కన్నం పెట్టి గిన్నెలోకి వంచింది. నూనె గుటుక్కుమని కాస్త పడింది, ఆగింది, మళ్ళీ గుటుక్కుమంది. రెండో కన్నం పెట్టవేమే, గాలి పోకపోతే నూనె ఎలా వస్తుందని అమ్మ విసుక్కుంది. పెట్టకుండా ఇంకాసేపు అలాగే వంచి చూస్తూ నుంచుంది దోర్కా. పెట్రోలు ట్యాంకుకీ ఇలాంటి రెండో కన్నం ఉంటుంది. మూతలో, తాళం పక్కన, సూదిమొన పట్టేంత. దాంట్లోంచి గాలి లోపలికి వెళితేనే కింద నుంచి పెట్రోలు దిగుతుంది. అది మూసుకుపోతే పెట్రోలు దిగినకొద్దీ లోపల గాలి చాలక బిగుసుకుంటుంది, ఇంజను ఎండిపోతుంది. ట్యాంకు నిండుగా ఉంటే పైన ఉండే గాలి పిసరంతే కాబట్టి మరీ త్వరగా బిగుస్తుంది. కాసేపు ఆగితే ఏ సందులోంచో గాలి చేరి మళ్ళీ కదులుతుంది. అన్నీ అతికాయి. అమ్మని పట్టుకుని ఊపేయాలనిపించింది, నూనె చేతులని ఊరుకుంది.

*

బుధవారం కొండలరావు వచ్చేసరికి బ్రహ్మానందం లేడు. ఇక కార్బరేటరే మార్చాలని నిశ్చయించుకుని కొత్తది కొనడానికి బజారుకి వెళ్ళాడు. కొండలరావు ఈసారి బండి తోసుకురాలేదు, తోలుకునే వచ్చాడు. దారిలో రెండుసార్లు ఆగింది, రెండుసార్లూ మూత తీసి చూసుకున్నాడు. కార్బరేటర్ మార్చే దాకా ఆగే ఓపిక లేదనీ, స్టేషను అవతల ఇంకో మెకానిక్‌కి ఇచ్చేస్తాననీ, అసలు ఈ షెడ్డులో ఇంజను ఎవరు ముట్టుకుంటారో ఊళ్ళో అందరికీ చెబుతాననీ అన్నాడు.

అలా చెబితే ఏమవుతుందో దోర్కాకి తెలుసు. ఇవాళ బళ్ళు కడగమన్న మనిషి రేపు ఇంటికెళ్ళమంటాడు. ఆడమెకానిక్ ముట్టుకున్న బండి వంతెన మీద ఆగిందన్న మాట ఒక్కసారి ఊళ్ళో పడితే ఖరగ్‌పూర్‌లో ఇంకే షెడ్డూ ఆమెని గుమ్మం ఎక్కనివ్వదు. స్పానర్ పట్టడం తప్ప ఆమెకి సంతోషమిచ్చిన పని ఇంకోటి లేదు.

“అంకుల్, పావుగంట ఇవ్వండి. బండి నాను తోల్తాను, మీరు ఎనక కూకోండి. ఎందుకాగుతాందో మీ సెవులతోనే ఇందురుగాని. కాదనుకుంటే అక్కడ్నుంచి అలగే స్టేసను అవతలకి తీసుకుపోండి.”

కొండలరావు నోరు తెరిచాడు. ఆడపిల్ల వెనక బండెక్కడం ఆయన యాభై రెండేళ్ళ జీవితంలో లేదు. అటూ ఇటూ చూశాడు. పాన్ దుకాణం దాదా కూడా చూస్తున్నాడు. కానీ మూడు రోజులుగా పడ్డ అవమానం కంటే ఇది పెద్దదేం కాదనిపించిందేమో, చొక్కా సర్దుకుని ఎక్కాడు. ఎక్కాక రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక క్యారియర్ని గట్టిగా పట్టుకున్నాడు.

దోర్కా ముందు మూత ఒకసారి తీసి, పెట్రోలు నిండుగా ఉందని చూసి, మళ్ళీ వేసి తాళం తిప్పింది. కిక్కు కొట్టింది. బండి రివ్వున వీధి దాటింది. ఝపటాపూర్ సందుల్లోంచి పెద్ద రోడ్డెక్కి, తాల్‌బగీచా వైపు తిరిగేసరికి ఆమెకి భయమంతా ఎగిరిపోయింది. చెవులు ఇంజను మీదే ఉన్నాయి. నాలుగు నిమిషాలు. బాగుంది. ఐదు. ఇంకా బాగుంది. ఆగకపోతే ఏమిటి గతి? బండి ఆగాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్న మెకానిక్ లోకంలో తను ఒక్కతేనేమో అనుకుంది. ఆరో నిమిషంలో చప్పుడు సన్నబడింది. గుంజుకుంది. దోర్కా కేక వేయబోయి ఆపుకుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినా వేగం పడిపోతోంది. రెండు ఎక్కిళ్ళు ఎక్కి, రోడ్డు పక్క చెట్టు నీడలోకి చేరేలోపే బండి ఆగిపోయింది.

కొండలరావు తిట్టడానికి సిద్ధమయ్యాడు.

“తిట్టకండి, ముందు ఇనండి. సెవి ఇక్కడ పెట్టండి.”

ఆయన ఎందుకో మారు మాట్లాడకుండా వంగి, తెల్లని చొక్కా ట్యాంకుకి తగులుతున్నా చూసుకోకుండా, చెవి మూత దగ్గర పెట్టాడు. దోర్కా తాళం తిప్పింది. మూత మామూలుగా రాలేదు. లోపల ఎవరో పట్టి లాగుతున్నంత బిగుతుగా ఉంది. బలంగా ఎత్తింది. బుస్సుమని గాలి లోపలికి దూరింది. పావు నిమిషం ఆగి కిక్కు కొడితే ఒక్క దెబ్బకి ఇంజను లేచింది.

కొండలరావు తల ఎత్తి ఆమె మొహం చూశాడు. ఇంకోసారి చూపించమన్నాడు. ఈసారి దోర్కా మూత బిగించకుండా ఊరికే పైన ఆనించి, పెట్రోలు చిందకుండా గుడ్డ చుట్టి, మెల్లగా తోలింది. పన్నెండు నిమిషాలు. పదిహేను. బండి ఆగలేదు. మూత బిగించి తోలారు. ఏడు నిమిషాలకి ఆగింది. ఈసారి ఆయనే తాళం లాక్కుని, తనే తిప్పి, తనే చెవి పెట్టి విన్నాడు. ఆ పెద్దమనిషి మొహంలో చిన్నపిల్లాడి సంబరం కనిపించింది. దోర్కాకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పట్టుకున్నాను, దొంగని పట్టుకున్నాను అని లోపల ఎవరో గంతులేస్తున్నారు.

“కన్నంలో ఏటి అడ్డుపడ్డాది?” అన్నాడాయన, బండి తనదన్న సంగతే మర్చిపోయినంత ఆత్రంగా.

ఆమె జడకున్న పిన్ను తీసి, మూతని వెలుతురుకి పెట్టి కన్నంలో పొడిచింది. మొదట ఏమీ రాలేదు. మెల్లగా తిప్పితే లోపల గట్టిగా ఉన్నదేదో కదిలింది. నువ్వుగింజలో సగం ఉంటుంది. పసుపు పచ్చగా, జిడ్డుగా, పైన ఎర్రటి మచ్చతో ఆమె అరచేతిలో పడింది.

దోర్కాకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, మరుక్షణం అంతా అర్థమైంది. పూజనాడు షెడ్డులో తొమ్మిది బళ్ళు వరసగా నిలబెట్టి, బ్రహ్మానందం బాబాయ్ తన చేత్తోనే ప్రతి బండి ట్యాంకు మూతకీ దండిగా పసుపు పూసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టాడు. కిందటేడు పూసిన పసుపు అరగంటలో వానకి కొట్టుకుపోయిందని ఈ ఏడు ఆయన భార్య కోటేశ్వరి పిన్ని అందులో ఆముదం కలిపి ముద్దలా నూరింది. ఆ పసుపు పళ్ళెం పట్టుకుని ఆయన వెంట బండి బండికీ తిరిగింది తనే. చర్చికి వెళ్ళే పిల్లవైనా నా పూజకి నీ చెయ్యి ఉండాలి అని ఆయన అంటే మురిసిపోయింది కూడా. పైన కనిపించే పసుపుని కొండలరావు చొక్కాకి అంటుతోందని ఆ మర్నాడే తుడిచేసి ఉంటాడు. కన్నంలో దిగింది మాత్రం ఎండి రాయి అయింది.

మూడు రోజులుగా ఆమె ఎదురుచూసిన నిజం అరచేతిలో ఉంది. నోరు తెరిస్తే చాలు. కానీ తెరిస్తే ఈ మనిషి నెల రోజులపాటు గోల్‌బజార్ అంతా ముసలాయన పసుపు కథ చెప్పి నవ్విస్తాడు. నవ్వనివాళ్ళు, కిరస్తానం గుంట కదా, అందుకే పసుపుని తప్పు పట్టిందంటారు. ఏ మాటైనా మళ్ళీ తన మీదికే వస్తుంది. భయం వేసింది. బాబాయ్ మీద జాలీ వేసింది. రెంటిలో ఏది ఎక్కువో ఆమెకే తెలీదు.

“దుమ్ము అంకుల్. వానల్లో అతుక్కుపోయింది,” అంది, గుప్పిట మూసి. అబద్ధం నోట్లోంచి రాగానే సిగ్గేసింది. దొంగని పట్టుకున్న సంబరం కాస్తా చల్లారిపోయింది.

*

షెడ్డు ముందు బ్రహ్మానందం కొత్త కార్బరేటర్ పెట్టె చేతిలో పట్టుకుని, బండీ లేక, పిల్లా లేక, బిక్కమొహం వేసుకుని నుంచున్నాడు. దోర్కా బండి తోలుకుంటూ రావడం, వెనక కొండలరావు నవ్వుతూ దిగడం చూసి ఆయన పెట్టె చంకన పెట్టుకుని ఎదురొచ్చాడు. కొండలరావే ఆగకుండా చెప్పాడు. మూత, కన్నం, బుస్సుమన్న చప్పుడు, తను చెవి పెట్టి వినడం, అన్నీ చెప్పి, ఇంతా చేసి ఉత్త దుమ్మటయ్యా, నువ్వు మూడు రోజులు పట్టుకోలేని రోగాన్ని ఈ పిల్ల పిన్నుతో తీసేసింది అన్నాడు.

బ్రహ్మానందం మూత తీసుకుని కన్నం చూశాడు. దాని అంచున సన్నని పచ్చ గీత ఇంకా ఉంది. బొటనవేలి గోరుతో దాన్ని గీసి, వేలి కొస ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆముదం వాసన ఎవరికి తెలియకపోయినా ఆయనకి తెలుస్తుంది. దోర్కా చూపు నేల మీదికి దించుకుంది.

ఆయన ఆ వేలిని చొక్కాకి తుడుచుకోబోయి ఆగాడు. కొండలరావు బల్ల మీద కూర్చుని టీ కోసం కేకేస్తున్నాడు. ఒక్క మాట అక్కర్లేదు. దుమ్ము దుమ్ముగానే ఉండిపోతుంది, బండి వెళ్ళిపోతుంది, రేపటికి అందరూ మర్చిపోతారు. దోర్కా ఆ దారి ఆయన కోసమే తీసి పెట్టింది.

“దుమ్ము కాదు కొండలరావు. ఇది నాను ఈ సేత్తో పూసిన పసుపు. పూజనాడు పూసినాను. తప్పు ఈ పిల్లది కాదు,” అన్నాడు. దోర్కా వైపు తిరిగి, “తెలిసి కూడా సెప్పనేదేటమ్మా. అబద్ధమాడి నన్ను కాయడానికా?” అన్నాడు.

ఆమె తల ఎత్తింది. జవాబు చెప్పే వ్యవధి ఆయన ఇవ్వలేదు. ఉన్నట్టుండి ఆయన మొహం తెల్లబోయింది. తొమ్మిది బళ్ళు. ఒకటి ఇక్కడుంది. మిగిలిన ఎనిమిదీ ఊరి మీద ఎక్కడెక్కడో ఉన్నాయి. అందులో ఒకటి ఉమాశంకర్‌ది, అతను రోజూ కూతుర్ని ఎక్కించుకుని పురీగేటు వంతెన మీదుగానే బడికి వెళ్ళి వస్తాడు. బడి వదిలే వేళకి ఇంకా గంటన్నర ఉంది. బ్రహ్మానందం ఫోను తీశాడు.

“ఉమాశంకర్ బాబూ, బండి తియ్యకు. నా వల్ల పొరపాటయ్యింది. ఇంటికాడే ఉండు, మా మెకానిక్ ఒస్తాది.” అవతల ఏదో అడిగారు. “ఔను, ఆడమనిసే. ఏటి? పేరు దోర్కా.” మళ్ళీ ఏదో అడిగారు. “నాను రాను బాబూ. పాడుసేసింది నానే, బాగుసెయ్యడం ఆవిడికి తెలుసు.”

ఒకదాని తర్వాత ఒకటి ఎనిమిది నంబర్లకీ అదే మాట చెప్పాడు. ఎనిమిదిసార్లూ మా మెకానిక్ అన్నాడు. దోర్కా మొదటిసారి విన్నప్పుడే కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న చేతికి గ్రీజుంది, బుగ్గకి అంటుకుంది. ఆ తర్వాత ఆగలేక నవ్వింది. పిన్నూ, స్పానరూ, గుడ్డముక్కా సంచిలో వేసుకుని సైకిల్ దగ్గరికి పరిగెత్తింది.

“సైకిలు మీద ఎనిమిది ఇళ్ళకి ఎప్పుడెల్తావు?” అన్నాడు కొండలరావు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. ట్యాంకు మూత బిగించి, తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. “నా బండి తీసుకెల్లు. ఇయ్యాల ఊళ్ళో ఆగదని నమ్మకమున్న బండి ఇదొక్కటే.”

కొట్టుకి తనెలా వెళతాడో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ఒక్క కిక్కుకి ఇంజను అందుకుంది. బ్రహ్మానందం ముందు పురీగేటు వైపే వెళ్ళమని రోడ్డు దాకా వచ్చి చెయ్యి చూపించాడు. దోర్కా అటే వెళ్ళింది. వంతెన ఎక్కేటప్పుడు వెనక లారీ హారన్ కొట్టినా ఆమె పక్కకి తప్పుకోలేదు.